హామ్ బల్ల మీద పాత విండోస్

హామ్ రేడియో ఔత్సాహికుల బల్ల మీద ట్రాన్సీవర్ పక్కన ఇప్పుడు కంప్యూటర్ కూడా ఉంటోంది. 2017లో వచ్చిన ఎఫ్‌టీ8 అనే డిజిటల్ పద్ధతికైతే అది దాదాపు తప్పనిసరి. తరచూ అది ఇంట్లో ఇంకెవరికీ అక్కర్లేని పాత యంత్రమే. విండోస్ 7కి మైక్రోసాఫ్ట్ మద్దతు 2020 జనవరిలోనే ఆగింది. విండోస్ 10కి సాధారణ మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. ఆ తర్వాత బయటపడే లొసుగులకు మామూలుగా మరమ్మతు రాదు.

‘మా దగ్గర దోచుకోవడానికి ఏముంది?’ అంటారు కొందరు హామ్‌లు. కానీ 2024 మేలో అమెరికా హామ్‌ల జాతీయ సంఘం ఏఆర్‌ఆర్‌ఎల్ మీద రాన్సమ్‌వేర్ దాడి జరిగింది. డెస్క్‌టాప్‌లతో పాటు విండోస్ సర్వర్లు, లినక్స్ సర్వర్లు కూడా దెబ్బతిన్నాయి. లినక్స్ వేసుకుంటే చాలనుకునేవారు ఈ మాట గమనించాలి. చివరికి సంఘం దాడి చేసినవారికి 10 లక్షల డాలర్లు చెల్లించింది. ప్రపంచవ్యాప్తంగా హామ్‌లు తమ సంభాషణలను ధ్రువీకరించుకునే లాగ్‌బుక్ సేవ జులై దాకా తెరుచుకోలేదు.

పాత యంత్రాన్ని వదులుకోలేమంటే దాన్ని ఇంటర్నెట్ నుంచి తప్పించండి. ఎఫ్‌టీ8కి గడియారం సుమారు సెకను తేడాలోపు ఉండాలి కదా, ఇంటర్నెట్ లేకపోయినా ఆ సమయాన్ని చిన్న జీపీఎస్ రిసీవర్ ఇస్తుంది. దూరం నుంచి స్టేషన్ నడిపేవారు మాత్రం రిమోట్ డెస్క్‌టాప్ పోర్టును ఇంటర్నెట్‌కు నేరుగా తెరవకుండా, వీపీఎన్ ద్వారానే లోపలికి రావాలి.