గిటారు సాధనయు పాట కట్టుటయు

కొత్తగా గిటారు కొనిన యింట మొదటి మాసమున మ్రోగిన నాదము ఆరవ మాసమునకు మూగవోవుట మనము తఱచుగా చూచుచున్నాము. పాఠములు లేమి దీనికి కారణము కాదు. నేడవి సెల్‌ఫోనులోనే కొల్లలుగా లభించుచున్నవి. ఏది ముందు, ఏది వెనుక, ఎంత చాలును అను విచక్షణ కొఱవడుటయే కారణము. ఆ విచక్షణకు తోడ్పడు సాధనములను కొన్నింటిని ఈ ప్రసంగమున పరిచయము చేయుదుము.

మొదట కుడిచేతి మాట. ఇటలీ దేశీయుడగు మౌరో జూలియాని 1812లో వియన్నా నగరమున ప్రకటించిన తన మొదటి సంపుటమున కుడిచేతికై 120 అభ్యాసములను కూర్చెను. వీని యందలి విశేష మేమనగా, ఎడమచేయి ఆద్యంతము రెండే స్వరమేళములను పట్టుచుండును. మార్పంతయు మీటు వ్రేళ్ళదే. ఎడమచేతి చింత తొలగుటచే ఒక్కొక్క వ్రేలును సమబలముతో పలికించుట సాధ్యమగును. సరళీవరుసలను మూడు కాలములలో సాధించిన మన వారికి ఈ పద్ధతి కొత్త కాదు. దినమునకు మూడు అభ్యాసములు చాలును. తడబడిన చోట కాలము తగ్గింపవలెను గాని, తడబాటును వేగముతో కప్పరాదు.

పిమ్మట రెండు చేతుల పొందిక. స్పెయిన్ దేశపు ఫెర్నాండో సోర్ 1830లో పారిస్‌నుండి తన గిటారు బోధినిని వెలువరించెను. ఆయన అభ్యాసములలో ఇరువదింటిని ఏరి ఆంద్రేస్ సెగోవియా 1945లో ప్రకటించెను. మత్తేయో కార్కాసి కూర్చిన 25 అభ్యాసములును ఈ కోవలోనివే. ఇవి వ్రేళ్ళకు వ్యాయామములు మాత్రమే కావు. ఒక చిన్న స్వరగుచ్ఛము నెత్తుకొని, దానిని మార్చి, దూరముగా నడిపి, మరల స్వస్థానమునకు చేర్చుట ఎట్లో ఇవి చూపును. కావున పాట కట్టగోరు వారికిని ఇవే తొలి పాఠములు.

మూడవ సాధనము చెవి. పాలకొల్లున 1969లో జన్మించిన మాండొలిన్ శ్రీనివాస్‌కు గురువగు రుద్రరాజు సుబ్బరాజు పాఠమును గాత్రమున పాడి చెప్పగా, శిష్యుడు దానిని వాద్యముపై పలికించెడివాడు. గిటారు అభ్యాసికిని ఇది రాజమార్గము. రేడియోలో విన్న పల్లవిని ముందు నోట పాడి, పిదప ఒక్క తీగపైననే వెదకవలెను. ప్రతి మెట్టును ఒక స్వరస్థానము. పండ్రెండవ మెట్టున అదే స్వరము పై స్థాయిలో పలుకును. ఇట్లు పది పల్లవులు వెదకి పట్టిన వానికి, తన మనస్సున మెదలిన వరుసను తీగపైకి దింపుకొనుట కష్టము కాదు.

ఇక పాట కట్టుట. తెలుగు మాటకు ప్రాణము హ్రస్వదీర్ఘముల యందున్నది. హ్రస్వమును అనవసరముగా సాగదీసినచో ‘మెడ’ యనునది ‘మేడ’గా విన్పించును, వినువానికి అర్థమే మారిపోవును. అందుచే పంక్తిని ముందు మాటలాడినట్లు పదిమార్లు పలికి, ఎచ్చట నిలుచుచున్నామో గుర్తించి, ఆ నడకకు తాళమును, తాళమునకు మేళములను కుదుర్చుకొనుట మేలు. తొలి యత్నమునకు జూలియాని వాడిన ఆ రెండు మేళములే చాలును. పల్లవిని అయిదారు స్వరముల పరిధిలో నిలిపినచో, చరణము పై స్వరముల నందుకొన్నప్పుడు దానికి ఎత్తు వచ్చును. పాడినదానిని సెల్‌ఫోనులో ముద్రించి మరునాడు వినుడు. నేడు ముచ్చటగొల్పినది రేపును నిలిచెనేని దానిని ఉంచుకొనవచ్చును.

తలిదండ్రులకు మా మనవి యొక్కటి. ఒకే వరుస నూరుమార్లు విన్పించినప్పుడు విసుగు సహజమే. అయినను ఆ నూరుమార్ల వెనుకనే నూట యొకటవ మారు దాగియున్నది. మాసమునకు ఒక్క పుస్తకము, ఒక్క పల్లవి అను నియమమును ఇల్లంతయు ఓర్పుతో కాపాడినచో, గోడకు తగిలించిన వాద్యము మరల చేతి కెక్కును. పరుల పాటను అనుకరించిన చేయి తన పాటను తానే పలుకును.