పిల్లలతో బార్‌నవాపారా అడవికి

చలికాలం సెలవుల్లో నలుగురైదుగురు పిల్లల్ని వెంటేసుకుని ఎక్కడికెళ్దామా అని ఆలోచించే రాయ్‌పూర్ తెలుగు కుటుంబాలకు నేను ముందుగా చెప్పే పేరు బార్‌నవాపారా. ఊరికి దాదాపు 100 కిలోమీటర్లు. బార్, నవాపారా అనే రెండు అటవీ గ్రామాల పేర్లు కలిసి ఏర్పడిన ఈ అభయారణ్యం 1976లో వెలిసింది. విస్తీర్ణం సుమారు 245 చదరపు కిలోమీటర్లు. టేకు, వెదురు, ఇప్ప చెట్ల మధ్య దుప్పులు, అడవిదున్నలు, ఎలుగుబంట్లు, చిరుతలు తిరుగుతాయి. ఏనుగులూ వస్తుంటాయి.

అందుకే ఇక్కడ ఇష్టమొచ్చిన చోట డేరా వేయడం కుదరదు. అటవీశాఖ వసతిలో ముందుగా గది మాట్లాడుకోండి. వానాకాలంలో అడవి మూసేస్తారు. నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు హాయి. రాత్రి చలి మాత్రం గట్టిగానే ఉంటుంది, చంటివాళ్లకు చెవులు కప్పే టోపీలు మరవకండి.

పిల్లలు ఎక్కువమంది ఉంటే పెద్దవాళ్లకు తలా ఒక చిన్నవాణ్ణి అప్పగించండి. చీకటి పడ్డాక ఒక్కరినీ గది బయటికి పంపొద్దు. ఇప్పపూలు రాలే మార్చి, ఏప్రిల్ నెలల్లో తెల్లవారుజామున ఎలుగుబంట్లు వాటికోసం చెట్ల కిందికి చేరతాయి. ఆ వేళ కాలినడక అసలే వద్దు. మిగిలిన తిండి బయట పారేయకండి, వాసనకు జంతువులొస్తాయి.

దారిలో మహానది ఒడ్డున సిర్పూర్ ఉంది. ఏడో శతాబ్దపు ఇటుకల లక్ష్మణాలయాన్ని రాణి వాసట భర్త జ్ఞాపకార్థం కట్టించింది. ఇటుకల మీది చెక్కడాల దగ్గర పిల్లల్ని తొందరపెట్టకండి, గంటసేపైనా చూడనివ్వండి.