పాసుపుస్తకంలో అవ్వ పేరు

(భూపాలపల్లిలో సంఘం వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)

తమ్ముళ్ళూ, కొంచెం ముందుకు రండి. ఈ ముచ్చట ఆడపిల్లలకంటే మీకే ఎక్కువ పని పెడుతుంది.

కరపత్రంలో నా పేరు పక్కన 'మహిళా సాధికారత' అని వేశారు. అంత పెద్ద మాట నాకు మొయ్యరాదు. నేను ఒక కాగితం గురించి మాట్లాడుతాను.

మా హాస్టల్‌లో తొమ్మిదో తరగతి చదివే పిల్ల ఒకతి దసరా సెలవుల నుంచి వచ్చి, ఫోన్‌లో ఒక ఫోటో చూపించింది. "మేడం, మా అవ్వ దీని మీద వేలిముద్ర వేసింది. ఇదేం కాగితమో చదివి చెప్తరా?" అంది. చదివాను. వాళ్ళ నాయిన చనిపోయి రెండేళ్ళయింది. ఆయన పేరున ఉన్న భూమి ఆయన అన్నదమ్ముల పేరున మార్చడానికి నాకేమీ అభ్యంతరం లేదని ఆ తల్లి ఒప్పుకున్నట్టు రాసి ఉంది. పిల్లకు అర్థమయ్యేలా చెప్పడానికి నాకు కాసేపు పట్టింది. ఆ కాకలు దుర్మార్గులు కారు. నాయిన పోయినప్పటి నుంచి దున్నింది వాళ్ళే, ఏటా ఇంత వడ్లు తెచ్చి పోసింది వాళ్ళే. "ఆడమనిషి ఆఫీసుల చుట్టూ ఏం తిరుగుతది, మేమే చూసుకుంటం" అన్నారంతే. మన దగ్గర ఆడవాళ్ళ భూమి పోయేది ఎక్కువగా ఇట్లా మంచి మాటతోనే.

నేను కూడా సంతకం పెట్టినదాన్నే. నాకు చదువు రాకనా? టీచర్ ట్రైనింగ్ చేశాను, చట్టం పేరు తెలుసు. నాయిన పోయాక విరాసత్ చేయించుకోవడానికి అన్నలు కాగితం తెచ్చారు. ఆ రోజు వదిన కోడికూర వండింది. అడిగితే పుట్టిల్లు పోతుందని భయపడ్డాను, అడగకుండా సంతకం పెట్టాను. అన్నల మీద నాకు కోపం లేదు. కానీ నాకు వాటా ఉందా లేదా అని ఆ ఇంట్లో ఒక్కరూ అనలేదు, నేనూ అనలేదు. ఇప్పటికీ నన్ను బాధపెట్టేది ఆ మౌనమే.

ఇప్పుడు చట్టం సంగతి. ఆడబిడ్డకు సమాన వాటా అని టీవీలో, పేపర్లో వింటుంటారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ ప్రభుత్వం తెచ్చిన సవరణ 1985 సెప్టెంబర్ 5 నుంచి అమలైంది. దేశమంతటికీ 2005లో వచ్చింది. రెండూ 1956 నాటి హిందూ వారసత్వ చట్టానికి చేసిన సవరణలే. ఆ చట్టంలో 2వ సెక్షన్ 2వ ఉపసెక్షన్ ఏమంటుందంటే, కేంద్రం ప్రత్యేకంగా నోటిఫికేషన్ ఇస్తే తప్ప ఈ చట్టం షెడ్యూల్డ్ తెగలకు వర్తించదు. అంటే మీ క్లాసులో పక్క బెంచీలో కూర్చునే బీసీ పిల్లకు, ఎస్సీ పిల్లకు తండ్రి ఆస్తిలో చట్టం రాసిచ్చిన వాటా ఉంది. కోయ పిల్లకు, నాయకపోడు పిల్లకు, లంబాడా పిల్లకు ఆ పుస్తకంలో లేదు. మన ఆచారాల్లో వేలు పెట్టకూడదని అట్లా రాశారు. ఉద్దేశం మంచిదే. అయితే ఆచారం అంటే ఏమిటో చెప్పే నోరు ఎప్పుడూ మగవాళ్ళదే అయింది.

దీని మీద కోర్టుల్లో చాలా ఏళ్ళ నుంచి కొట్లాట నడుస్తోంది. అప్పటి బీహార్‌లోని హో తెగ ఆడవాళ్ళ కోసం మధు కిశ్వర్ వేసిన కేసులో 1996లో సుప్రీంకోర్టు ఆచారాన్ని కొట్టేయలేదు. బతుకుతెరువుకు ఆ భూమి మీద ఆధారపడిన ఆడవాళ్ళను వెళ్ళగొట్టడానికి మాత్రం వీల్లేదంది. 2022 డిసెంబర్‌లో ఇంకో కేసులో, వాటా ఇవ్వడానికి ఈ చట్టం అడ్డుపడుతోంది, దాన్ని మార్చే సంగతి కేంద్రం ఆలోచించాలని చెప్పింది. 2025 జూలై 17న వచ్చిన తీర్పును మీరు గుర్తు పెట్టుకోవాలి. ఛత్తీస్‌గఢ్‌లోని ఒక గోండు కుటుంబం కేసు అది. మనకు గోదావరి అవతల అడవి దాటితే వచ్చే రాష్ట్రమే. తల్లి వాటా కోసం ఆమె పిల్లలు కోర్టుకెక్కారు. ఆడబిడ్డకు వాటా ఇచ్చే ఆచారం మీలో ఉందని మీరే రుజువు చేయండని కింది కోర్టులు వాళ్ళను తిప్పి పంపాయి. సుప్రీంకోర్టు ఆ ప్రశ్ననే తిరగేసింది. ఇవ్వకూడదనే ఆచారం ఉందని ఎవరైనా రుజువు చేశారా? చేయలేదు. అలాంటప్పుడు ఆడది కాబట్టి ఇవ్వం అనడం రాజ్యాంగం 14వ అధికరణానికి విరుద్ధం అని చెప్పి సమాన వాటా ఇచ్చింది.

దీన్ని పట్టుకొని రేపే గెలిచామని ఎగరకండి. అదే ఏడాది అక్టోబర్‌లో, హిమాచల్‌ప్రదేశ్ కేసులో, గిరిజనులకు హిందూ వారసత్వ చట్టం వర్తించదని సుప్రీంకోర్టే మళ్ళీ చెప్పింది. రెండూ కలిపి చదివితే మనకు తెలిసేది ఇది: వాటా అడిగే దారి ఉంది, కానీ కోర్టు దాకా నడవాలి. మన అవ్వలు ఎంతమంది కోర్టు దాకా నడుస్తారు? అందుకే గూడెంలోనే, ఇంట్లోనే ఈ ముచ్చట తేలాలని అంటున్నాను. మా ఆచారంలో ఆడబిడ్డకు వాటా ఉందని కుల పెద్దలు కూర్చుని తీర్మానం రాసుకుంటే వద్దనే చట్టమేదీ లేదు. వేదిక మీది పెద్దలు వింటున్నారనుకుంటా.

మనవాళ్ళు చెప్పే జవాబులు నాకు తెలుసు. మొదటిది, పెళ్ళికి పెట్టాం కదా అని. వెనక మనలో పిల్లగాని వాళ్ళే ఓలి ఇచ్చి పిల్లను తెచ్చుకునేవాళ్ళు. ఇప్పుడు కట్నం వచ్చింది, బండి వచ్చింది. పైవాళ్ళ దగ్గర కట్నం నేర్చుకున్నాం, వాటా మాత్రం నేర్చుకోలేదు. కట్నం అత్తింటికి పోతుంది, బండి అల్లుడు నడుపుతాడు. పిల్ల పేరున ఏముంది?

రెండో జవాబు బరువైనది. ఆడబిడ్డకు భూమి ఇస్తే, ఆమె గిరిజనేతరుణ్ణి చేసుకుంటే భూమి బయటికి పోతుందని. ఈ భయం ఊరికే పుట్టలేదు. ఏజెన్సీలో గిరిజన భార్య పేరు పెట్టుకుని భూములు కొన్నవాళ్ళను మనం చూశాం. అయితే ఒకటి ఆలోచించండి. 1959 భూ బదలాయింపు నిబంధనలు, 1970 సవరణ, అదే మనం 1/70 అంటాం, షెడ్యూల్డ్ ఏరియాలో భూమి గిరిజనేతరుల పేరుకు మారడాన్ని చెల్లకుండా చేస్తాయి. అన్న అమ్మినా చెల్లదు, చెల్లె అమ్మినా చెల్లదు. చట్టాన్ని దాటి సాదా కాగితాల మీద భూములు పోగొట్టింది ఎక్కువగా ఎవరు? పాసుపుస్తకం ఎవరి చేతిలో ఉందో వాళ్ళే. ఇంకో మాట, మన చుట్టుపక్కల అన్ని ఊళ్ళూ షెడ్యూల్డ్ ఏరియాలో లేవు. ములుగు వైపు, కొత్తగూడ, గంగారం వైపు చాలా ఊళ్ళున్నాయి. మీ ఊరు ఆ జాబితాలో ఉందో లేదో ముందు కనుక్కోండి. లేకపోతే 1/70 కాపాడుతుందనే ధైర్యంతో కూర్చోకండి.

పోడు భూముల సంగతి వేరు. ఇక్కడ మనకు మంచి చట్టం ఉంది. 2006 అటవీ హక్కుల చట్టం 4వ సెక్షన్ 4వ ఉపసెక్షన్ ప్రకారం పెళ్ళయిన వాళ్ళకు పట్టా భార్యాభర్తలిద్దరి పేరున కలిపి ఇవ్వాలి. ఒంటరిగా ఇల్లు నడిపే ఆడమనిషైతే ఆమె పేరునే. ఆ భూమి వారసులకు వస్తుంది, అమ్మడానికి మాత్రం వీల్లేదు. వారసుడు అంటే కొడుకే అని ఆ చట్టంలో ఎక్కడా రాయలేదు. హక్కుల కమిటీలో మూడో వంతు ఆడవాళ్ళుండాలి. 2023 జూన్‌లో ఆసిఫాబాద్‌లో మొదలుపెట్టి మన రాష్ట్రంలో లక్షన్నర మందికి, నాలుగు లక్షల ఎకరాలకు పైగా పోడు పట్టాలిచ్చారు. వాటిలో మన గూడేలవీ ఉన్నాయి. ఇద్దరి పేర్లూ పడ్డాయా లేదా అని ఎందరు చూసుకున్నారు? మా హాస్టల్‌కు వచ్చే తల్లిదండ్రులను నేను అడుగుతుంటాను. తండ్రులు "నా పేరున ఉంది మేడం" అంటారు. తల్లులు "ఆయనకే ఎరుక" అంటారు.

పేరు ఉంటే ఏమొస్తుందని అడిగే తమ్ముళ్ళ కోసం చెబుతున్నా. రైతు భరోసా ఎకరాకు సీజనుకు 6 వేలు పడేది పేరున్న వాళ్ళ ఖాతాలోనే. 2018 నుంచి ఉన్న రైతు బీమా 5 లక్షలు, 18 నుంచి 59 ఏళ్ళ లోపు పట్టాదారు చనిపోతేనే వస్తుంది. నాట్లేసేది, కలుపు తీసేది, పత్తి ఏరేది అవ్వ. ఆమె పాము కరిచి పోతే ప్రభుత్వం లెక్కలో రైతు చనిపోయినట్టు కాదు. పంట రుణమూ అంతే. ఎండాకాలం తెల్లారకముందే అడవికి పోయి తునికాకు తెంపి, యాభై ఆకుల కట్టలు కట్టి కల్లంలో పోసేది ఆమె. ఇప్పపువ్వు ఏరేది ఆమె. చేతికొచ్చిన పైసలు ఇల్లు చేరేలోపే అయిపోతాయి, ఎట్లా అయిపోతాయో మీకు నేను చెప్పక్కర్లేదు.

ఇంకోటి ఉంది, ఇది నన్ను నిద్రపోనివ్వలేదు. కేరళలో ప్రదీప్ పాండా, బీనా అగర్వాల్ ఒక సర్వే చేసి 2005లో అచ్చువేశారు. భూమీ ఇల్లూ ఏదీ తమ పేరున లేని ఆడవాళ్ళలో నూటికి 49 మంది భర్త చేతిలో దెబ్బలు తిన్నవాళ్ళే. భూమి ఉన్నవాళ్ళలో 18 మంది, ఇల్లున్నవాళ్ళలో 10 మంది, రెండూ ఉన్నవాళ్ళలో 7 మంది. కారణం కష్టమైనదేమీ కాదు. కొడితే పోవడానికి ఒక చోటుంది, ఆ సంగతి కొట్టేవాడికీ తెలుసు. ఇథియోపియాలో అమ్హారా అనే ప్రాంతంలో భూమి పత్రం మీద భార్యాభర్తలిద్దరి ఫోటోలూ అతికిస్తారు. చదువు రాని ఆమె కూడా కాగితం చూసి ఇది నాదే అని గుర్తుపట్టగలదు. మనకంటే పేద దేశం అది. రువాండాలో 1999 నుంచి కూతుళ్ళకు కొడుకులతో సమానంగా వాటా. మన పక్కనే పాలకుర్తిలో చాకలి ఐలమ్మ నాలుగెకరాల పంట కోసం దొర మీద తిరగబడింది. ఆమె కథను పాఠంగా మీకు చెబుతూనే నేను నా సంతకం పెట్టి వచ్చాను.

ఆ తొమ్మిదో తరగతి పిల్ల సంగతి చెప్పలేదు కదా. వాళ్ళది పోడు భూమి. అసలు పట్టా ఎక్కడుందని అడిగితే, అవ్వ ట్రంకు పెట్టెలో చీరల కింద ఉందంది. ఈసారి దాని ఫోటో తెమ్మన్నాను. తెచ్చింది. నాయిన పేరు పక్కన ఆ తల్లి పేరు కూడా ఉంది. ఇన్నేళ్ళూ ఆమెకు తెలియదు, చదివి చెప్పినవాళ్ళు లేరు. పోడు పట్టా ఇంకొకరికి రాసివ్వడానికే లేదు కాబట్టి ఆ వేలిముద్రతో భూమి కాకల పేరుకు మారదు. తల్లిని, పెద్దకాకను ఇద్దరినీ పిలిపించి కూర్చోబెట్టి చెప్పాను. పెద్దకాక చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "మరి దున్నేది మేమే కదా మేడం" అన్నాడు. దున్నండి, కౌలు లెక్క రాసుకోండి, పేరు మాత్రం ఆమెదే అన్నాను. ఖాతా మార్చమని దరఖాస్తు పెట్టించాం. ఇంకా తేలలేదు, తిరుగుతున్నాం.

ఈ సెలవుల్లో ఇంటికి పోయినప్పుడు మీరు చేయాల్సిన పని కూడా అదే. పెట్టె తెరిచి కాగితం తీయండి. పట్టా భూమా, పోడు పట్టానా చూడండి. ఎవరి పేర్లున్నాయో అవ్వకు పైకి చదివి వినిపించండి. పట్టా భూమి అయితే నాయిన బతికుండగానే బిడ్డ పేరున గిఫ్టు రిజిస్ట్రేషన్ చేయొచ్చు, ఆ మాట అన్నతో కలిసి అడగండి, చాటున కాదు. విరాసత్ జరిగేటప్పుడు తహసీల్దారు నుంచి నోటీసు వస్తే అవ్వను, అక్కచెల్లెళ్ళను వెంట తీసుకుపోండి. చదవని కాగితం మీద ఎవరినీ వేలు పెట్టనివ్వకండి.

భోజనాల తర్వాత నేను బయట వరండాలో కూర్చుంటాను. కాగితం జిరాక్సు తెచ్చినవాళ్ళు ముందు రండి. అసలు కాగితం మాత్రం ఎవరి చేతికీ ఇవ్వకండి, నా చేతికి కూడా.