పిత్తాశయము పోయినను పోని నొప్పి

బెజవాడ నుండి హైదరాబాదు పోవు రాజమార్గమున కీసర కడ మునేరు దాటినచో నందిగామ వచ్చును. మరికొంత దూరము సాగినచో జగ్గయ్యపేట. కృష్ణా జిల్లా మెట్టభాగమని మనవారు తరతరములుగా చెప్పుకొనుచు వచ్చిన ఈ సీమ 2022 ఏప్రిల్ నుండి ఎన్.టి.ఆర్. జిల్లాలో నున్నది. ప్రత్తి, మిరప ఇచటి ముఖ్యమైన పైరులు. సున్నపురాతి గనులు, సిమెంటు కర్మాగారములు ఇచటి పరిశ్రమలు. ఈ యూళ్లలో పదిమంది కూడినచోట తరచుగ వినవచ్చు ఒక ప్రశ్నను గూర్చి నేడు ముచ్చటింపదలచితిమి. "రాళ్లున్నవని చెప్పి సంచి తీసివేసిరి. ఏండ్లు గడచినవి. నొప్పి మాత్రము పోలేదు. సంచియే లేనప్పుడు ఈ నొప్పి యెక్కడిది?"

ప్రశ్న సమంజసమైనదే. దానికి సామాన్యముగ దొరకు సమాధానములు రెండు. "ఆపరేషను చక్కగ జరిగినది, ఇదంతయు నీ బెంగ" యనునది ఒకటి. "ఆపరేషను చెడగొట్టిరి, అందువలననే ఈ బాధ" యని ఇరుగుపొరుగువారు చెప్పునది రెండవది. మొదటి మాట విని రోగి నోరు మూసికొనును. రెండవ మాట విని మరల వైద్యుని గడప తొక్కుటకే జంకును. రెండువిధముల నష్టపోవునది రోగియే. ఈ రెండింటి నడుమ నున్న విషయము తెలిసికొనుట అవసరము.

ముందుగ ఆ సంచి యేమిటో చూతము. మాంసము శుభ్రపరచునప్పుడు కాలేయమునకు అంటియున్న పసరుతిత్తి చిట్లకుండ మన యిండ్లలో ఎంతో జాగ్రత్తపడుదురు. చిట్లినచో కూరయంతయు చేదెక్కును. మన కడుపులో కుడిప్రక్క కాలేయము క్రింద నున్న పిత్తాశయమును అట్టిదే. పిత్తరసమును తయారుచేయునది ఆ తిత్తి కాదు, కాలేయము. కాలేయము దినమునకు అర లీటరు మొదలు ఒక లీటరు వరకు పిత్తరసమును ఊరించును. తిత్తిలో పట్టునది 30 మొదలు 50 మిల్లీలీటర్లు మాత్రమే. క్రొవ్వు గల ఆహారము ప్రేగులోనికి దిగినప్పుడు తిత్తి ముడుచుకొని, అందు చిక్కబడియున్న రసమును నాళము గుండ ప్రేగులోనికి పంపును. తిత్తి తీసివేసినచో రసము ఎప్పటికప్పుడు నేరుగ ప్రేగులోనికి జారును. కావున చెరువు లేకున్నను కాలువ పారునట్లు, తిత్తి లేకున్నను జీర్ణక్రియ సాగును.

దీనిని మొట్టమొదట తీసివేసినవాడు జర్మనీ దేశస్థుడగు కార్ల్ లాంగెన్‌బుఖ్. అది 1882 జూలై 15వ తేదీన బెర్లిను నగరమున జరిగినది. జగ్గయ్యపేటవారు ఈ సంవత్సరమును సులువుగ జ్ఞాపకముంచుకొనవచ్చును: ఆ యూరి కొండమీది బౌద్ధస్తూపమును బర్జెస్ దొర పరిశీలించినదియు 1882లోనే. తరువాత నూరేండ్లకు పైగా పెద్దకోత కోసియే ఈ చికిత్స చేయుచు వచ్చిరి. 1985లో జర్మనీలోనే ఎరిక్ మ్యూహె చిన్న రంధ్రముల గుండ దానిని తీసి చూపెను. మన దేశమున 1990లో బొంబాయియందు డాక్టరు టెహెంటన్ ఉద్వాడియా ఈ లాపరోస్కోపీ పద్ధతిని ప్రవేశపెట్టిరి. కోత చిన్నదయ్యెను, ఆసుపత్రిలో ఉండవలసిన దినములు తగ్గెను, చికిత్స పొందువారి సంఖ్య పెరిగెను. వారితోపాటు, చికిత్స పిమ్మట నొప్పి తగ్గనివారును మన కంటబడుచున్నారు.

ఈ నొప్పి వైద్యులకు క్రొత్తది కాదు. 1947లోనే అమెరికాలో వొమాక్, క్రైడర్ అను వైద్యులు దీనిని గూర్చి వ్రాసిరి. పిత్తాశయము తీసిన పిమ్మట నిలిచియుండు బాధలన్నిటికి కలిపి వైద్యులు ఒక ఉమ్మడి పేరు పెట్టిరి. వైద్యగ్రంథములు ఇట్టివారు నూటికి అయిదుగురని మొదలుకొని నలుబదిమంది వరకు చెప్పుచున్నవి. లెక్కలలో ఇంత వ్యత్యాసము ఎందులకు? ఆ పేరు ఒక రోగమునకు పెట్టిన పేరు కాకపోవుటయే కారణము. అది పెక్కు కారణముల మీద కప్పిన దుప్పటి వంటిది. దుప్పటి తొలగించి చూచినచో నాలుగు తెగల నొప్పులు కనబడును.

మొదటి తెగ, మొదటి నుండియు పిత్తాశయమునకు సంబంధింపని నొప్పి. రాళ్లు గలవారిలో నూటికి ఇంచుమించు ఎనుబదిమందికి ఆ రాళ్లవలన ఏ బాధయు ఉండదు. మరియొక కారణమున కడుపునొప్పి వచ్చి స్కానింగునకు పోయినప్పుడు, ఊరకయున్న రాళ్లు బయటపడును. రాయి ఉన్నమాట నిజము. నొప్పి ఉన్నమాటయు నిజము. ఆ రాయివలననే ఆ నొప్పి యను మాట మాత్రము విచారించి తేల్చవలసినది. హాలెండు దేశమున రాళ్లును కడుపునొప్పియు గల 1067 మందిని పరిశీలించి, 2019లో ఫలితములు ప్రకటించిరి. వారిలో అధికసంఖ్యాకులకు శస్త్రచికిత్స జరిగినది. అయినను ఏడాది తరువాత నొప్పి పూర్తిగ పోయినవారు నూటికి 60 మందిని మించలేదు. కడుపులో మంట, పులిత్రేనుపులు, ఉబ్బరము, మలబద్ధము ప్రధానముగ గలవారికి పిత్తాశయము తీసినంతనే ఉపశమనము కలుగునని చెప్పజాలము. రాళ్ల నొప్పి లక్షణము వేరు. అది కడుపు పైభాగమున నడుమగాని కుడిప్రక్కగాని పట్టి, అరగంటకు తక్కువ కాకుండ గంటలకొలది నిలిచి, వీపునకో కుడిభుజమునకో ప్రాకి, తరువాత పూర్తిగ విడిచిపోవును. పెండ్లిభోజనము చేసిన రాత్రి నిద్రనుండి లేపునది తరచుగ ఈ నొప్పియే.

రెండవ తెగ, పిత్తనాళపు నొప్పి. తిత్తి పోయినను నాళము ఉండనే యున్నది. తిత్తినుండి ముందే జారిన చిన్న రాయి ఆ నాళములో నిలిచిపోవచ్చును. లేక ఏండ్లు గడచిన పిమ్మట నాళములోనే క్రొత్త రాయి పుట్టవచ్చును. తిత్తిని నాళముతో కలుపు చిన్న గొట్టమున కొంతభాగము మిగిలిపోయి, అందు రాయి ఉండవచ్చును. అరుదుగ, చికిత్సా సమయమున నాళమునకు దెబ్బ తగిలి, అచ్చట అది ఇరుకు కావచ్చును. ఈ తెగ నొప్పి వెనుకటి రాళ్ల నొప్పివలెనే ఉండును. దానికి తోడు కండ్లు పచ్చబడుట, మూత్రము చిక్కని రంగు తిరుగుట, మలము తెల్లబారుట, చలితో జ్వరము వచ్చుట కనబడినచో ఒక్కదినము కూడ ఆగరాదు. అది అత్యవసర స్థితి.

మూడవ తెగ, పొట్టగోడ నొప్పి. రంధ్రములు వేసినచోట, కోత కోసినచోట నరము మచ్చలో చిక్కుకొనవచ్చును. కండర మెడలి ప్రేగు ముందుకు పొడుచుకొని రావచ్చును. ఈ నొప్పికి భోజనముతో సంబంధము తక్కువ, కదలికతో సంబంధము ఎక్కువ. మిరపచేలో వంగి కాయ కోయునప్పుడు, నీళ్లబిందె చంకకెత్తునప్పుడు పోటు వచ్చుచున్నదా? చోటు చూపుమన్నచో ఒక్క వ్రేలితో చూపగలుగుచున్నారా? కార్నెట్ అను వైద్యుడు 1926లో దీనికి సులువైన పరీక్ష చెప్పెను. రోగిని వెల్లకిల పరుండబెట్టి, నొప్పిగల చోట వైద్యుడు వ్రేలు ఆనించును. రోగి తల పైకెత్తి పొట్ట బిగించినప్పుడు నొప్పి హెచ్చినచో అది లోపలిది కాదు, గోడదే కావచ్చునని తలంతురు. అట్టివారిలో పెక్కుమందికి ఆ చోట మత్తుమందు సూది వేయుటతో మేలు కలుగును. పైసా ఖర్చులేని ఈ పరీక్ష చేయకయే వేలకొలది రూపాయల స్కానింగులకు పోవుట వివేకము కాదు.

నాల్గవ తెగ, ఇరుగుపొరుగు అవయవముల నొప్పి. జీర్ణాశయపు పుండు, క్లోమగ్రంథి వాపు, కుడి మూత్రపిండములో రాయి, వెన్నెముక వ్యాధి, చివరకు గుండెజబ్బు సైతము ఈ చోటనే నొప్పి కలిగింపవచ్చును. "అది పాత ఆపరేషను నొప్పిలే" యని కొట్టివేసి గుండెపోటును గుర్తింపకపోవుట కంటె విచారకరమైనది ఏమున్నది? ఇక కొందరికి నొప్పి తక్కువ, భోజనము కాగానే విరేచనములు ఎక్కువ. పిత్తరసము నిలువలేక పెద్దప్రేగులోనికి అధికముగ పోవుట దీనికి కారణము కావచ్చును. దీనికి కొలెస్టిరమిన్ వంటి మందులున్నవి. వైద్యుని అడిగిన చెప్పుదురు.

ఇచ్చట ఒక హెచ్చరిక చేయక తప్పదు. పిత్తనాళము ప్రేగులో తెరచుకొను ద్వారమున ఒక కండరవలయము కలదు. 1887లో దీనిని వర్ణించిన ఇటలీ దేశపు విద్యార్థి రుగ్గెరో ఒడ్డి పేరే దానికి నిలిచినది. పరీక్షలన్నియు సరిగనే యుండి నొప్పి మాత్రము తగ్గనప్పుడు, ఈ వలయము బిగిసికొన్నదని తలచి, నోటి గుండ గొట్టము పంపి దానిని కోయుట కొంతకాలము వాడుకలో నుండెను. అమెరికాలో అట్టి 214 మందిపై పరీక్ష జరిపి 2014లో ఫలితము ప్రకటించిరి. నిజముగ కోసినవారిలో నూటికి 23 మందికి మేలు కలిగినది. కోయకుండ కోసినట్లు నమ్మించినవారిలో నూటికి 37 మందికి మేలు కలిగినది! ఇ.ఆర్.సి.పి. యను ఈ ప్రక్రియవలన క్లోమగ్రంథికి వాపు వచ్చు ప్రమాదమును కలదు. నాళములో రాయి ఉన్నప్పుడు ఇది ప్రాణదాయకమే. రక్తపరీక్షయు స్కానింగును సరిగ నున్నప్పుడు మాత్రము తొందరపడి దానికి ఒప్పుకొనరాదు. అట్లే, తిత్తి తీసినవారికి నాళము కొంచెము వెడల్పుగ కనబడుట సామాన్యమే. ఆ ఒక్క మాట చదివి దిగులుపడనక్కరలేదు.

అయినచో చేయవలసిన దేమి? మొదటి పని కాగితములు వెదకుట. చికిత్సకు ముందటి స్కానింగు, ఇంటికి పంపునప్పుడు ఇచ్చిన వివరపత్రము, తీసిన తిత్తిని పరీక్షించి వ్రాసిన నివేదిక, ఈ మూడును మీ వద్ద ఉండవలెను. లేకున్నచో చికిత్స చేసిన ఆసుపత్రిని అడిగి తెచ్చుకొనుడు. పొలము దస్తావేజులు పెట్టెలో భద్రముగ దాచు మనవారు ఈ కాగితములను పత్తి తీత నాటికి పారవేయుచున్నారు. క్రొత్త వైద్యునికి అవి లేకున్నచో చీకటిలో చేయి చాపినట్లే.

రెండవ పని నొప్పి కథ వ్రాయుట. పదిహేను దినములు పాటు ఎప్పుడు వచ్చినది, ఎంతసేపున్నది, ముందు ఏమి తిన్నారు, ఏ పని చేయుచుండిరి, దేనితో తగ్గినది అని పిల్లల చేతనైనను ఒక నోటుపుస్తకములో వ్రాయింపుడు. అన్నిటికంటె ముఖ్యముగ ఒక్కమాట చెప్పుడు: ఈ నొప్పి ఆపరేషనుకు ముందున్న నొప్పియేనా, క్రొత్తదా? పాతదే యైనచో వైద్యుడు మొదటి తెగవైపు చూచును. కొంతకాలము సుఖముగ నుండి మరల వచ్చినదైనచో నాళమువైపు చూచును. కాలేయమునకు, క్లోమమునకు సంబంధించిన రక్తపరీక్షలు, ఉదరపు స్కానింగు, అవసరమైనచో గుండె పరీక్ష, ఎండోస్కోపీ, నాళమును చూపు ఎం.ఆర్.సి.పి. యను స్కానింగు, ఈ వరుసలో సామాన్యముగ విచారణ సాగును. మొదటి మెట్లు నందిగామ, జగ్గయ్యపేటలలోనే ఎక్కవచ్చును. పై మెట్లకు బెజవాడ పోవలసి యుండును.

మూడవది, చేయకూడని పని. మందుల అంగడిలో నొప్పిబిళ్లలు కొని మ్రింగుట, ఊరిలో దినము విడిచి దినము సూది వేయించుకొనుట మానవలెను. డైక్లోఫెనాక్ వంటి నొప్పిమందులు జీర్ణాశయమున పుండు కలిగించి క్రొత్త నొప్పిని తెచ్చును, మూత్రపిండములను దెబ్బతీయును. మన జిల్లాలోనే ఎ.కొండూరు ప్రాంతపు తండాలలో మూత్రపిండముల వ్యాధి ఎన్ని కుటుంబములను క్రుంగదీసినదో మీరు ఎరుగుదురు. దాని కారణములు ఏవైనను, ఆ అవయవములను చేజేతుల పాడుచేసికొనరాదను పాఠము మనకున్నది.

చివరగ ఇంటి పెద్దలకు ఒక మాట. పిత్తాశయపు రాళ్లు పురుషులకంటె స్త్రీలకే ఎక్కువ. కాబట్టి ఈ నొప్పితో మూలుగువారిలోను వారే ఎక్కువ. ఖర్చుపెట్టి ఆపరేషను చేయించితిమి గదా, ఇంకను ఏమిటని విసుగుకొనినచో ఆ యిల్లాలు మరల నోరు విప్పదు. కండ్లు పచ్చబడినను చెప్పదు. పరీక్షలలో ఏమియు దొరకకున్నను నొప్పి అబద్ధము కాదు. నరములు సున్నితమై, ప్రేగుల కదలికయే బాధగ తోచు స్థితులు కలవు. వాటికి మందులును, ఆహారనియమమును, క్రమమైన నిద్రయు, ధైర్యము చెప్పు మాటయు కలిసి పనిచేయును. ప్రమాదకరమైనది లేదని తేలుటయే సగము చికిత్స.

కావున శ్రోతలారా, ఇట్టి నొప్పి మీ యింట నున్నచో, కాగితములు చేతబట్టుకొని పోయి, "ఆపరేషను బాగుగ జరిగినదా?" యని మాత్రమే అడిగి రాకుడు. "ఈ నొప్పి ఎక్కడిది?" యని అడుగుడు. ఆ ప్రశ్నను మొదటినుండి విచారించు వైద్యుడు దొరకువరకు అడుగుచునే యుండుడు.