యూనివర్సిటీ అధ్యాపకునికి ఏది తృప్తి?

(సొసైటీ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



విద్య, ఉద్యోగం అన్న విషయంపై మాట్లాడవలసిందిగా కార్యదర్శిగారు కోరారు. అంత పెద్ద విషయం జోలికి పోను. ఒక్క ఉద్యోగం గురించే చెప్తాను, యూనివర్సిటీలో పాఠం చెప్పే ఉద్యోగం. మన అమ్మాయి ఎమ్మెస్సీ ముగించి "పీహెచ్‌డీ చేస్తాను అబ్బా" అంటే ఇంట్లో మొదట వచ్చే ప్రశ్న: "ఎన్నేండ్లు పడుతుంది? జీతమెంతొస్తుంది?" వాన నమ్ముకొని వేరుశనగ వేసే ఇంట్లో ఆ ప్రశ్న రాకపోతేనే ఆశ్చర్యపడాలి. కాని అది సగం ప్రశ్నే.

1959లో అమెరికాలో ఫ్రెడరిక్ హెర్జ్‌బర్గ్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞుడు సహచరులతో కలిసి ఒక పుస్తకం ప్రచురించాడు. పిట్స్‌బర్గ్ ప్రాంతంలో సుమారు 200 మంది ఇంజనీర్లను, అకౌంటెంట్లను వాళ్ళు ప్రశ్నించారు. ఉద్యోగంలో మీరు ఎప్పుడు బాగా సంతోషపడ్డారు, ఎప్పుడు బాగా విసిగిపోయారు అని. సంతోషానికి కారణాలు వేరు, విసుగుకు కారణాలు వేరని తేలింది. పనిమీద ఇష్టం, సాధించామన్న తృప్తి, గుర్తింపు, బాధ్యత మనిషిని ముందుకు నడిపిస్తాయి. జీతం, పైఅధికారి తీరు, ఆఫీసు నిబంధనలు సరిగా లేకపోతే మనిషి కుములుతాడు. సరిగా ఉన్నంత మాత్రాన ఉత్సాహం పొంగిరాదు. మంచి జరిగితే నా గొప్ప, చెడు జరిగితే ఎదుటివాడి తప్పు అనడం మానవ సహజం కదా అని దీన్ని విమర్శించినవాళ్ళున్నారు. అందులో పస ఉంది. అయినా అధ్యాపకుల విషయంలో ఈ రెండు లెక్కలూ వేరువేరుగా రాసుకుంటేనే సంగతి తెలుస్తుందని నా అభిప్రాయం.

2022లో మన జిల్లా మారింది గాని, మనకు యూనివర్సిటీ అంటే ఇప్పటికీ అనంతపురం శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయమే. తిరుపతి శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయం వారి పీజీ సెంటరుగా 1968లో మొదలై, 1981లో పూర్తి విశ్వవిద్యాలయమైంది. అక్కడ పట్టుపురుగుల పెంపకానికే ఒక శాఖ ఉంది. అదే ఏ ఢిల్లీలోనో ఉంటే మల్బరీ తోట చూడడానికి రైలు టికెట్టు కొనాలి. ఇక్కడ బస్సెక్కితే చాలు, మన పల్లెల్లో పట్టుగూళ్ళూ, ధర్మవరంలో మగ్గాలూ కనబడతాయి. కరువు మీద, వలసల మీద పనిచేసేవాడికి ప్రశ్న వాకిట్లోనే నిలబడి ఉంటుంది. వెదకబోవక్కరలేదు. పైగా ఆ క్లాసులో కూర్చునే పిల్లల్లో తమ ఇంట్లో మొట్టమొదట డిగ్రీ చదివినవాళ్ళు ఉంటారు. అట్లాంటి పిల్లవాడికి ఒక సంగతి అర్థమైతే అది వాడి ముఖంలో కనిపిస్తుంది. ఆ ముఖం చూడడం కోసం ముప్పైయేండ్లు చాక్‌పీసు వదలనివాళ్ళను నేనెరుగుదును. ఇది మొదటి లెక్క.

రెండోది చేదు లెక్క. 2016 జనవరి నుంచి అమలైన యూజీసీ వేతనాల్లో అసిస్టెంట్ ప్రొఫెసర్ మూలవేతనం 57,700 రూపాయలతో మొదలవుతుంది. మంచి జీతమే, రెగ్యులర్ పోస్టు దొరికినవాడికి. కాంట్రాక్టు నియామకాలు పది శాతం మించరాదనీ, వాళ్ళకిచ్చేది రెగ్యులర్ అసిస్టెంట్ ప్రొఫెసర్ జీతానికి తగ్గరాదనీ 2018 నిబంధనల్లో రాశారు. గెస్టు అధ్యాపకులకు క్లాసుకు 1,500, నెలకు 50,000 మించకుండా ఇవ్వవచ్చని 2019లో చెప్పారు. రాసిందొకటి, జరిగేదొకటి. ఒకే వరండాలో ఒకే సిలబస్ చెప్పే ఇద్దరిలో ఒకరికి సెలవుల్లోనూ జీతం. ఇంకొకరికి క్లాసు లేకపోతే కూలి లేదు. వచ్చే జూన్‌కు ఉంటానో లేదో తెలియనివాడు ఐదేండ్ల పరిశోధన ఎట్లా మొదలుపెడతాడప్పా?

పర్మనెంటు అయినవాడికి వేరే బాధ. 2010లో పదోన్నతికి ఏపీఐ అని మార్కుల పద్ధతి తెచ్చారు. వ్యాసానికిన్ని, సెమినారుకిన్ని. సోమరిని కదిలించాలన్న ఉద్దేశం మంచిదే. అయితే డబ్బు పుచ్చుకొని ఏది పంపినా అచ్చువేసే పత్రికలకు గిరాకీ పెరిగింది. 2018 మే నెలలో యూజీసీ తన ఆమోదిత జాబితా నుంచి 4,305 పత్రికలను ఏకంగా తీసేయవలసి వచ్చింది. పట్టుగూళ్ళ మార్కెట్టులో రీలరు గూడును చేతిలోకి తీసుకుని, నొక్కి చూసి ధర చెప్తాడు. ఎన్ని గూళ్ళున్నాయని లెక్కపెట్టడు. ఆ పాటి తెలివి చదువుకున్నవాళ్ళకు లేకపోయింది. నిజంగా పనిచేసే అధ్యాపకుడికి గుండె మండేది ఇక్కడే.

ఇక మన పిల్లల సంగతి. మైనారిటీ పరిశోధక విద్యార్థుల కోసం 2009లో మొదలైన మౌలానా ఆజాద్ జాతీయ ఫెలోషిప్పును 2022-23 నుంచి ఆపేశారు. ఇప్పుడు మనవాళ్ళకున్న పెద్ద ఆధారం నెట్ పరీక్షలో వచ్చే జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్. 2023 జనవరి నుంచి అది నెలకు 37,000. పాసైతే ఇంట్లో చేయి చాపక్కరలేదు. పాసయ్యేదాకా ఒకటి రెండేండ్లు ఎవరు పోషించాలన్నదే చిక్కు. అక్కడే మన ఆడపిల్లల చదువు ఆగి, పెండ్లి మాట మొదలవుతుంది.

సొసైటీవారు ఏటా పదో తరగతి పిల్లలకు బహుమతులిస్తున్నారు, సంతోషం. ఇకమీదట నెట్‌కు కూర్చునే పిల్లలకు పరీక్ష ఫీజు, పుస్తకాలు, అనంతపురంలో గది అద్దె కూడా చూడమని మనవి. ఆ పరీక్ష ఏడాదికి రెండుసార్లు, జూన్‌కూ డిసెంబరుకూ వస్తుంది. మొదటి ఇద్దరి ఫీజు కార్యదర్శిగారి దగ్గర ఈ రోజే కడుతున్నాను. పేర్లు ఇవ్వవలసినవాళ్ళు సభ ముగిశాక ఆఫీసు గదిలో ఇవ్వండి.