ఆరు పెట్టెల్లో మాయాబజార్
(సంఘ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

1957 నాటి ‘మాయాబజార్’ను 2010లో రంగులద్ది, శబ్దాన్ని డి.టి.ఎస్. 5.1లోకి మార్చి విడుదల చేశారు. మావాడు ఇంట్లో ఆరు స్పీకరు పెట్టెలమర్చి ఆ ప్రతి వినిపించి, "ఎలా ఉంది నాన్నా?" అన్నాడు.

ముందు చూడవలసింది కంఠం. ఘంటసాల, లీల గార్ల గొంతులు ఎదురుగా ఉన్నంతసేపు హాయి. మావాడు వెనక పెట్టెల జోరు పెంచేసరికి పడవ పాట కల్యాణమండపంలో పాడినట్లయింది! మన జిల్లావారే అయిన మాధవపెద్ది సత్యం గారి వివాహ భోజనానికి మాత్రం ఆ హోరు నప్పింది, ఘటోత్కచుడు కదా!

నా ఎడమ చెవికి మందం. అటు పోయిన వాద్యం నాకు పోయినట్లే. మోనోలో ఏదీ పోదు. "పాతదే పెట్టరా" అన్నాను. నొచ్చుకున్నాడు.

మర్నాడు చూస్తే పెట్టెలన్నీ నా కుడివైపున ఉన్నాయి.