అల లేని సీమకు అలల పాట

కడప, కర్నూలు వాళ్లం సముద్రం చూడాలంటే జిల్లా దాటాల్సిందే. అయినా ఈ పూట అలల ఒడ్డున పుట్టిన సంగీతం గురించి మాట్లాడుకుందాం.

1960ల మొదట్లో అమెరికాలోని కాలిఫోర్నియా తీరంలో, పలకలెక్కి అలలపై జారే కుర్రకారు మధ్య పుట్టింది సర్ఫ్ రాక్. దానికి ప్రాణం గిటారు. 1961లో గిటార్లు చేసే ఫెండర్ కంపెనీ ఒక పెట్టె తెచ్చింది. లోపల సన్నటి స్ప్రింగులుంటాయి. గిటారు మోత వాటి గుండా సాగి, గండికోట లోయలో కేకేసినట్టు మారుమోగుతుంది. మధ్యధరా తూర్పు తీరాల పాత బాణీ ‘మిసర్లూ’ను 1962లో గిటారిస్టు డిక్ డేల్ చకచకా మీటి ఊపేశాడు. అదే కాలంలో ఫ్రాన్స్‌ను ‘యే-యే’ అనే పాప్ పాటలు ఊరించాయి.

ఈ రెండు రుచులనూ కలిపింది ‘లా ఫామ్’ బృందం. ఫ్రాన్స్‌లో సర్ఫింగుకు పేరున్న బియారిట్జ్‌లో 2010లో మొదలైంది. తొలి ఆల్బమ్ ‘సైకో ట్రాపికల్ బెర్లిన్’ 2013లో వచ్చింది.

మనకూ అరవైలంటే మక్కువే. కడప జిల్లా సింహాద్రిపురంలో పుట్టిన హాస్యనటుడు పద్మనాభం తీసిన ‘శ్రీశ్రీశ్రీ మర్యాద రామన్న’తోనే 1967లో గాయకుడు ఎస్పీ బాలు గొంతు సినిమాకెక్కింది. ఆనాటి పాటలను మన ఆర్కెస్ట్రాలు ఉన్నవి ఉన్నట్టే పాడతాయి. లా ఫామ్ మాత్రం పాత గిటారు మోతకు సింథసైజరు జోడించి సొంత పాట కడుతుంది. మన కుర్రాళ్లూ అలా ప్రయత్నిస్తే వినడానికి మేం సిద్ధం.